పాత .315 రైఫిల్: చాలాకాలం వాడాక తేలిన ధర లెక్క

సైన్యం వాడి పక్కన పెట్టిన రైఫిల్‌ను చౌకగా కొనుక్కునే వీలు మన దగ్గర లేదు. పాత కానిస్టేబుళ్లు త్రీనాట్‌త్రీ అనే .303 నిషేధిత బోరు, మామూలు లైసెన్సు మీద రాదు. మామూలు లైసెన్సు మీద దొరికేది దాని దగ్గరి చుట్టం, .315 స్పోర్టింగ్ రైఫిల్. బెంగాల్‌లోని ఇషాపూర్ ప్రభుత్వ ఫ్యాక్టరీ సరుకు. లోపలున్నది 1907 నాటి లీ ఎన్‌ఫీల్డ్ (ఆ .303 రైఫిలే) బోల్టే, అంటే తూటాను లోపలికి తోసి తాళం వేసే కడ్డీ. తూటా మాత్రం వేరు: 8 మి.మీ. బోరు, 244 గ్రెయిన్ల గుండు, అంటే 16 గ్రాములకు కాస్త తక్కువ. ఆయుధాల చట్టానికి 2019లో వచ్చిన సవరణతో ఒక మనిషికి రెండు ఆయుధాలే అన్నాక, మూడోది ఉన్నవాళ్లు దాన్ని వదులుకోక తప్పలేదు.

నెల్లూరు, ఒంగోలు వైపు ఇలాంటివి చేతులు మారేటప్పుడు అందరూ చూసేది కర్ర మీద పాలిష్, ఇనుము మీద నలుపు. ఆ రెండిటికీ పైసా ఎక్కువ ఇవ్వక్కర్లేదు. విలువలో ముప్పాతిక గొట్టానిది, పాతిక బోల్టుది.

ముందు మేగజీన్ (తూటాల పెట్టె) ఊడదీసి, బోల్టు తెరిచి, చాంబర్‌లో (తూటా కూర్చునే చోట) చిటికెన వేలు పెట్టి ఖాళీ అని తేల్చుకోండి. తర్వాత బోల్టు బయటికి లాగి, పొడి చిందీ (గుడ్డపేలిక) మూడు నాలుగు సార్లు గొట్టంలోంచి లాగండి. అమ్మేవాళ్లు నూనె బాగా పట్టించి చూపిస్తారు. నూనె మెరుపులో గుంటలు కనపడవు. వెనక తెల్లకాగితం పట్టి మూతి నుంచి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. లోపల నల్లగా ఉన్నా, గుండును తిప్పే మెలికల చాళ్ల అంచులు పదునుగా ఉంటే భయం లేదు, అలాంటివి బాగానే కొడతాయి. అంచులు కరిగిన సబ్బులా గుండ్రబడితే బేరం ఆపేయండి. మధ్యలో ఎక్కడైనా ఉంగరంలా నల్లటి వలయం కనిపిస్తే, గొట్టంలో ఏదో అడ్డం ఉండగా పేల్చారని, అక్కడ ఉబ్బిందని అర్థం. ఉచితంగా ఇచ్చినా వద్దు.

మూతి సంగతి చాలామంది పట్టించుకోరు. మందు లేని డమ్మీ తూటా కొసను మూతిలో నిలువుగా దించండి. గుండు కొంత బయట మిగిలితే మంచిది, తూటా ఇత్తడి వచ్చి గొట్టం మూతికి తగిలేదాకా దిగిపోతే మూతి అరిగింది. ఈ అరుగుదల పేల్చడం కంటే తుడవడం వల్లే ఎక్కువ. పుల్‌త్రూ తాడును (చిందీ కట్టి గొట్టంలోంచి లాగేది) పక్కకు గుంజి లాగితే ఒకే చోట గాడి పడుతుంది. రేంజిలో 50 మీటర్ల దూరాన అయిదు తూటాలు అరచేతి వెడల్పులో పడితే చాలు. కాగితం మీద కన్నం గుండ్రంగా కాక పొడుగ్గా పడితే గుండు పల్టీ కొడుతోందన్నమాట, చాళ్లు దాన్ని పట్టుకోవడం లేదు.

బోల్టు మీది నంబరూ బాడీ మీది నంబరూ ఒకటేనా చూడండి. వేరైతే, లైసెన్సున్న రిపేరు దుకాణంలో బోల్టుకూ తూటాకూ మధ్య సందు కొలిచే గేజీ పెట్టి చూపించేదాకా డబ్బు కట్టొద్దు. బోల్టు తల మరతో బిగుస్తుంది. బిగిశాక బోల్టు మీది గట్టుకు తిన్నగా ఆగాలి, దాటి బాగా తిరిగిపోతోందంటే మర అరిగింది. ఈ బోల్టు వెనక వైపు తాళం పడే రకం కాబట్టి, అరిగినప్పుడు దెబ్బంతా ఇత్తడి మీద పడుతుంది. పేల్చిన ఖాళీ తూటా అడుగు అంచుకు కాస్త పైన మెరిసే గీత చుట్టూ వస్తే, తర్వాతి తూటా అక్కడే చీలొచ్చు.

మేగజీన్‌లో అయిదు పడతాయి. జామ్ అయ్యే రైఫిళ్లలో సగం తప్పు తూటాలు పేర్చడంలోనే ఉంటుంది. వీటికి అడుగున అంచు ఉంటుంది. పై తూటా అంచు కింది దాని అంచుకు ముందు కూర్చోవాలి, వెనక పడితే బోల్టు తోసినా కదలదు. మిగతా సగం మేగజీన్ పెదవులు, అంటే తూటాలను పట్టి ఉంచే పై అంచులు, వంగడం వల్ల.

కర్ర గురించి రెండు ముక్కలు. ఉదయగిరి వైపు రోహిణి కార్తె ఎండలకు, గొట్టం కింద ఉండే ముందు కర్ర కుంచించుకుని, బాడీకి ఆనే చోట సందు వస్తుంది. గురి తప్పడానికి సగం కారణం అదే. బట్ (భుజానికి ఆనే వెనక కర్ర) ఊగుతోందని వెనక నుంచి పొడవాటి స్క్రూడ్రైవర్ పెట్టి బిగించేయకండి. బట్‌ను బిగించే పొడుగు మర కొస చదరంగా ఉండి ముందు కర్రలోని పలకలో కూర్చుంటుంది. ముందు కర్ర విప్పకుండా తిప్పితే కర్ర చీలుతుంది. ఉదయగిరి చెక్క చెంచాలు చేసే చేతులు ఎంత గొప్పవైనా తుపాకి అక్కడికి తీసుకెళ్లొద్దు, రిపేరుకు కూడా లైసెన్సు కావాలి.

పంది పొలం పాడు చేస్తోందని దీన్ని కొనేవాళ్లకు ఒక మాట. తుపాకి లైసెన్సుంటే పందిని కొట్టొచ్చని కాదు, అటవీశాఖ అనుమతి వేరే ఉండాలి. ఆత్మరక్షణకా? ఇంట్లో ఇంత పొడుగు రైఫిల్ తిప్పడం కష్టం, గుండు గోడ దాటి పోతుంది. దానికి పన్నెండు బోరు తుపాకే (చిల్లు గుండ్లది) నయం. ఇది రేంజికి, తోట కాపలాకు సరిపోయే వస్తువు. పాత తూటాల ప్రైమరు (అడుగున మందును అంటించే బిళ్ల) ఉప్పు వదిలే రకమనుకునే వాడండి: పేల్చిన రోజే చాంబర్ వైపు నుంచి గరాటుతో అర లీటరు మరిగే నీళ్లు పోసి, ఆరాక నూనె చిందీ లాగాలి. ఉత్త నూనె ఉప్పును కరిగించదు.

కావలి, కొత్తపట్నం లాంటి ఉప్పుగాలి ఊళ్లలో తోలు సంచిలో దాస్తే నెల తిరక్కుండా ఎర్రపొడి రాలుతుంది. బీరువాలో సంచి లేకుండా, మూతి కిందికి పెట్టి నిలబెట్టండి, నూనె కర్రలోకి దిగదు. ఎన్నికలప్పుడు స్టేషన్‌లో డిపాజిట్ చేస్తే వారాల తరబడి ఎవరూ తుడవరు. అప్పగించే ముందు గొట్టానికి గ్రీజు దట్టంగా పట్టించి, రసీదులో బాడీ నంబరుతో పాటు బోల్టు నంబరూ రాయించుకోండి. తెచ్చుకున్నాక ఆ గ్రీజంతా తుడిచాకే తూటా ఎక్కించాలి.