పార్క్‌లేన్‌లో ఎస్‌ఎస్‌డీ కేసు కొంటున్నారా? బిల్లు మాత్రం షాపువాడి చేతికివ్వకండి

ఇప్పుడే సికింద్రాబాద్ పార్క్‌లేన్ కంప్యూటర్ షాపుల నుంచి ఇంటికొచ్చాను, ఒళ్లు మండిపోతోంది. షాపు పేరు రాయను, పార్క్‌లేన్‌లో తిరిగేవాళ్లకు ఎలాగూ అర్థమైపోతుంది. శనివారం అక్కడ ఎన్‌వీఎంఈ డిస్క్ (ఒక రకం వేగమైన ఎస్‌ఎస్‌డీ) లోపల పెట్టి యూఎస్‌బీతో వాడుకునే డబ్బా, అదే కేసు, కొన్నాను, 2,200 రూపాయలు. ప్యాకింగ్ మీద రాసిన చిప్ ఒకటి, ఇంటికొచ్చి లినక్స్‌కు పెట్టి చూస్తే లోపలున్నది ఇంకొకటి.

కాపీ అవుతున్నంతసేపూ బంగారం. టీ తాగొచ్చేసరికి డిస్క్ మాయం. డీమెస్గ్ (లినక్స్ కెర్నల్ రాసుకునే లాగ్) నిండా ‘రీసెట్ సూపర్‌స్పీడ్ యూఎస్‌బీ డివైస్’ అన్న లైనే. యూఎస్‌బీ 3లో పని లేనప్పుడు లింకు యూ1, యూ2 అనే కునుకులోకి జారుతుంది. ఈ కేసులోని చిప్ మహానుభావుడు కునుకు తీస్తాడు, లేవడు. కెర్నల్, అంటే లినక్స్ గుండెకాయ, 30 సెకన్లు చూసి రీసెట్ కొడుతుంది. రీసెట్‌కు ముందు ఎల్‌పీఎం (ఈ కునుకు ఏర్పాటు పేరే, లింక్ పవర్ మేనేజ్‌మెంట్) ఆపుతుంది, డివైస్ అదేనా కాదా అని సరిచూసుకుంటుంది, అంతా బాగానే ఉందనుకుని చివర్లో ఎల్‌పీఎం మళ్లీ ఆన్ చేస్తుంది. ఇంకేముంది, మళ్లీ కునుకు, మళ్లీ రీసెట్. చివరికి ఫైల్‌సిస్టం రీడ్ ఓన్లీ (చదవడమే తప్ప రాయలేనిది) అయిపోయి, అక్క కూతురి ఓణీల ఫంక్షన్ ఫొటోలు సగంలో ఆగాయి.

సిగ్గుచేటు ఏంటంటే ఆఫీసులో నా పనే యూఎస్‌బీ డ్రైవర్లు. షాపులో విండోస్ లాప్‌టాప్‌కు పెట్టి రెండు నిమిషాలు కాపీ చేసి చూపిస్తే తలూపి వచ్చేశాను. లింకు ఖాళీగా ఉంటే కదా నిద్రపోయేది!

ఈరోజు వెనక్కి పట్టుకెళ్తే, “బిల్లు ఇయ్యండి సార్, చూస్త” అన్నాడు. ఇచ్చాను. కౌంటర్ మీద పరిచి, జేబులోంచి నీలం జెల్ పెన్ను తీసి, నా కళ్లముందే ఓ మూల ‘చెకింగ్ ఓకే, నో రిటర్న్’ అని రాసి, కింద గీత కూడా కొట్టి తిరిగిచ్చాడు. ఇప్పుడే రాశారు కదండీ అంటే, “ముందే ఉంది సార్, మీరే చూసుకోలే” అన్నాడు. బొటనవేలితో రుద్దితే ఇంకు అలుక్కుపోయింది. ఆ వేలు చూపించాను. నవ్వి పక్క కుర్రాడితో, “లినక్స్ సార్ వచ్చిండు, చాయ్ చెప్పు” అన్నాడు. ఆ చాయ్ కూడా రాలేదు.

కొనేవాళ్లు కేసు తగిలించి పది నిమిషాలు ముట్టుకోకుండా వదిలేసి, అప్పుడు ఫైల్ తెరిచి చూడండి. ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు కెర్నల్ బూట్ లైన్లో యూఎస్‌బీకోర్ డాట్ క్విర్క్స్‌కు మీ కేసును గుర్తించే నంబర్లు, అంటే వెండర్ ఐడీ, ప్రొడక్ట్ ఐడీ ఇచ్చి చివర ‘కే’ పెట్టండి (usbcore.quirks=వెండర్:ప్రొడక్ట్:k). ఇక కెర్నల్ ఆ డివైస్‌కు ఎల్‌పీఎం జోలికే పోదు. నిన్న రాత్రి అలా పెడితే ఒక్క రీసెట్ రాలేదు. వాడు మోసం చేస్తే నేనెందుకు సర్దుకోవాలని వెనక్కి పట్టుకెళ్లాను, ఇప్పుడు సర్దుకుంటున్నాను.

బిల్లు ఫొటో కొన్నరోజే తీసుకోండి. నేను తియ్యలేదు.