కార్బ్యురేటర్ క్లీనర్ స్ప్రే: విప్పే ఓపిక ఉంటేనే కొనండి

నెలల తరబడి కదలని బండి కార్బ్యురేటర్ (పెట్రోలు, గాలి కలిపి ఇంజన్‌కి పంపే భాగం) కడగడానికి ఈ స్ప్రే డబ్బా తెచ్చుకున్నాను. చోక్ లాగితే స్టార్ట్ అయ్యేది, చోక్ వెనక్కి నెట్టగానే ఆగిపోయేది. యాక్సిలరేటర్ తిప్పి పట్టుకుంటే మాత్రం బాగానే నడిచేది. ఇలా ఉంటే ముందు పైలట్ జెట్‌నే అనుమానించాలి. ఐడ్లింగ్‌కి, అంటే యాక్సిలరేటర్ తిప్పనప్పుడు ఇంజన్ తిరగడానికి, పెట్రోలు అందించే చిన్న ఇత్తడి ముక్క అదే, చాలా బండ్లలో దాని రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు. కార్బ్యురేటర్ అడుగునుండే గిన్నెలో (బౌల్) పెట్రోలు ఆవిరైపోయాక మిగిలే జిగురు చాలు, ఆ రంధ్రం మూసుకుపోవడానికి.

విప్పకుండానే శుభ్రం చేస్తుందని డబ్బా మీద రాసి ఉంది. అది నమ్మి కొనొద్దు. ఎయిర్ ఫిల్టర్ వైపు నుంచి కొడితే కార్బ్యురేటర్ గొంతులో (గాలి వెళ్లే దారి) ఉన్న నల్లటి మడ్డి పోతుంది, అంతే. జెట్లు ఉండేది కింద, బౌల్ లోపల. స్ప్రే అక్కడిదాకా సరిగ్గా చేరదు.

విప్పి వాడితే మాత్రం దీని పనితనం చూడాల్సిందే. బౌల్ అడుగున పసుపు రంగులో గట్టిపడిన పొర మీద కొట్టి కాసేపు వదిలేస్తే మెత్తబడి గుడ్డకి వచ్చేస్తుంది. నాకు అన్నిటికంటే నచ్చింది డబ్బాతో వచ్చే సన్నటి గొట్టం. పైలట్ జెట్ ఊడదీసి, అది కూర్చునే రంధ్రంలో ఈ గొట్టం ఆనించి నొక్కాను. మొదట ఏమీ రాలేదు. మళ్లీ నొక్కితే గొంతులో స్లైడ్ (యాక్సిలరేటర్ తిప్పితే పైకి లేచే ముక్క) దగ్గరున్న సూది మొనంత రంధ్రంలోంచి గోధుమరంగు చుక్క ఒకటి వచ్చింది, ఆ వెంటనే తెల్లటి ధార. లోపలి దారి తెరుచుకుందని దాంతో తెలిసిపోయింది. కళ్లకి రక్షణ అద్దాలు లేకుండా ఈ పని అస్సలు చేయొద్దు. ఒక రంధ్రంలో కొడితే ఇంకో రంధ్రంలోంచి ముఖం మీదికే కొడుతుంది.

జెట్‌ని వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే రంధ్రం గుండ్రంగా, శుభ్రంగా కనిపించాలి. కనిపించకపోతే స్ప్రేలో నానబెట్టండి. స్టీలు తీగతో పొడవొద్దు. ఇత్తడి మెత్తటి లోహం, రంధ్రం కొంచెం పెద్దదైనా పెట్రోలు లెక్క తప్పుతుంది. తుప్పులా పట్టిన ఆకుపచ్చ చిలుము మీద స్ప్రే పెద్దగా పనిచేయలేదు, ఆ జెట్ మార్చేయడమే మేలు.

నచ్చనివీ ఉన్నాయి. ఆగకుండా కొడితే డబ్బా చల్లబడి ప్రెషర్ తగ్గిపోతుంది. గొట్టం వదులుగా ఉండి ఊడి పడుతుంటుంది. రబ్బరు తగలకూడదన్న హెచ్చరిక మరీ చిన్న అక్షరాల్లో ఉంది, అది డబ్బా ముందువైపే ఉండాలి. ఓ రింగులు ఉబ్బిపోతాయి, డయాఫ్రమ్ (పల్చటి రబ్బరు పొర) ఉన్న కార్బ్యురేటర్ అయితే ఆ పొర పాడవుతుంది. రబ్బరు భాగాలన్నీ తీసి పక్కన పెట్టాకే స్ప్రే ముట్టుకోండి. ఘాటుగా ఉంటుంది, ఇట్టే అంటుకుంటుంది. గాలి ఆడే చోట, వేడి ఇంజన్‌కి దూరంగా వాడాలి.

స్ప్రే ఎంత మంచిదైనా అడ్జస్ట్‌మెంట్ మీ చేతి పనే. ఐడ్లింగ్‌లో గాలి, పెట్రోలు పాళ్లు సరిచేసే మిక్చర్ స్క్రూ తీసే ముందు, అది మెల్లగా ఆనేదాకా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లు వచ్చిందో రాసుకోండి, బిగించేటప్పుడు అన్నే చుట్లు వెనక్కి. స్క్రూ ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే మామూలుగా అది గాలిది, లోపలికి తిప్పితే మిశ్రమంలో పెట్రోలు పాళ్లు పెరుగుతాయి. ఇంజన్ వైపు ఉంటే పెట్రోలుది, లోపలికి తిప్పితే తగ్గుతాయి. ఇంజన్ బాగా వేడెక్కాక, ఐడ్లింగ్ కొంచెం పెంచి, ఈ స్క్రూని కొద్దికొద్దిగా తిప్పుతూ శబ్దం వినండి. ఇంజన్ ఎక్కడ అన్నిటికంటే చురుగ్గా తిరిగితే అక్కడ ఆపి, అప్పుడు ఐడ్లింగ్ మామూలుకి దించాలి. నా బండి ఇప్పుడు చోక్ వెనక్కి నెట్టాక కూడా నిలకడగా తిరుగుతోంది. ఈసారి కొనేటప్పుడు స్ప్రేతో పాటు బౌల్ గాస్కెట్, ఓ రింగుల కిట్ కూడా తీసుకుంటాను. పాత గాస్కెట్ విప్పితే చాలాసార్లు చిరుగుతుంది.