కోట్‌పాడ్ చున్నీ: మూడు ఉతుకుల తర్వాత

నేను జయపూర్‌లో (రాజస్థాన్‌ది కాదు, సాలూరు ఘాటీ ఎక్కి వస్తే తగిలే ఒడిశాది) పదహారేళ్లుగా చీరలకు ఫాల్, పీకో కుడుతున్నాను. బట్ట చేతికి తగిలితే చాలు, దాని జాతకం చెప్పేస్తానన్న పొగరు ఉండేది. అది కిందటేడు దిగింది. ఇక్కడి బజార్లో ఒక షాపువాళ్లు కోట్‌పాడ్ (మా దగ్గర్లోని ఊరు, వేరు రంగుల నేతకి పేరు) అని చెప్పి 1,100కి ఓ చున్నీ అంటగట్టారు. మొదటి ఉతుక్కే బకెట్టంతా హోలీ. తెల్ల జాకెట్టు కూడా అందులోనే ఉంది, అది వేరే ఏడుపు.

ఈసారి నేరుగా కోట్‌పాడే వెళ్లాను. జగదల్‌పూర్ బస్సెక్కితే దారిలోనే. మిర్గాన్ నేతపనివాళ్ల ఇంట్లో మగ్గం మీంచి దింపిన చున్నీ, 2,600. బేరం ఆడదామనే వెళ్లాను.

ఆ ఎరుపు ఆల్ చెట్టు వేరు బెరడుది. మనం తొగరు అంటామే, అది. నూలుకి ముందు ఆముదం, పేడ, బూడిద నీళ్లు పట్టించి, ఎండేసి, ఉతికి, మళ్లీ మొదలుపెడతారు. ఆ తర్వాతే వేరు పొడిలో ఉడకబెట్టడం. నల్లరంగు కావాలంటే అన్నభేది (ఇనుప ఉప్పు) కలుపుతారు. రంగుకే నెల దగ్గర పడుతుంది. ఇంటావిడ చేతులు చూపించింది: గోళ్ల చుట్టూ ఇటుక రంగు. "అపా (అక్కా), పెళ్లయి వచ్చినప్పట్నుంచీ ఇంతే" అంది. నా బేరం నోట్లోనే ఉండిపోయింది.

ఇక బట్ట సంగతి. తడి తెల్లగుడ్డతో గట్టిగా రుద్దాను, మరక పడలేదు. మూడుసార్లు ఉతికాను, నీళ్లు తేటగానే ఉన్నాయి. రంగు పోకపోగా కొంచెం మెత్తబడింది. అంచున పీత, శంఖం, చిన్న పడవ బొమ్మలు. వెనక్కి తిప్పితే దారాలు తోకల్లా వేలాడటం లేదు. నాకు అదే పెద్ద పరీక్ష.

ఫొటో పెడితే హవాయిలో ఉన్న మా అన్నయ్య కూతురు వెంటనే ఫోన్ చేసింది. "అత్తా, ఆ చెట్టు ఇక్కడా ఉంది, నోని అంటారు!" మందుల షాపుల్లో సీసాల్లో జ్యూస్ అమ్ముతారే, ఆ నోనినే. పాలినీషియన్లు దీవి నుంచి దీవికి వెళ్లేటప్పుడు చేమ, కొబ్బరితో పాటు దీన్నీ పడవల్లో తీసుకెళ్లారట. వౌకే అనే చెట్టు లోపలి బెరడు నానబెట్టి, చెక్క సుత్తులతో బాది బాది కాపా అనే బట్ట చేసేవాళ్లు. దానికీ ఈ నోని వేరుతోనే రంగు. ఊరికే వాడితే పసుపు, పగడపు సున్నం కలిపితే ఎరుపు. పసుపులో సున్నం కలిపి పారాణి పెట్టుకునే మనకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

19వ శతాబ్దంలో ఓడల్లో మిల్లు బట్ట దిగాక కాపా బాదడం ఆగిపోయింది. 1970లలో పువానాని వాన్ డోర్ప్ లాంటివాళ్లు మ్యూజియంలలో ఉన్న పాత ముక్కలు పట్టి పట్టి చూసి మళ్లీ నేర్చుకున్నారు. పడవ విద్యదీ అదే కథ. 1976లో హోకులేయా అనే పడవని పరికరాలేవీ లేకుండా చుక్కలు, అలలు చూసి తహితికి నడపాలంటే, హవాయిలో ఆ విద్య తెలిసినవాళ్లే లేరు. మైక్రోనీషియాలోని సతవాల్ దీవి నుంచి మావ్ పియైలుగ్‌ని పిలిపించుకోవాల్సి వచ్చింది. మా పిల్ల అది చెప్తుంటే నాకు ఆ ఇటుక రంగు గోళ్లే గుర్తొచ్చాయి.

నచ్చనివీ ఉన్నాయి. బిల్లు ఇవ్వలేదు. ఒడిశాలో తొలి జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకే అని చెప్పే ప్రభుత్వ ముద్ర) 2005లో వచ్చింది ఈ బట్టకే, కానీ నాకిచ్చిన ముక్క మీద ఏ లేబులూ లేదు. కొత్తవాళ్లు దీన్నీ బజారుదాన్నీ ఎలా వేరుచేస్తారు? మొదటి వారం ఆముదం వాసన కూడా వచ్చింది, మా ఆయన దండెం మీంచి తీయమని గొడవ. రంగులు రెండు మూడే, పింకులూ నీలాలూ అడక్కండి.

అయిదుకి నాలుగు చుక్కలు. లేబుల్ ఉంటే అయిదూ ఇచ్చేదాన్ని.

చీర కూడా చెప్పొచ్చాను, రెండు వేలు అడ్వాన్సు. అడవిలో ఆల్ వేరు ఇదివరకటిలా దొరకట్లేదంది ఆవిడ. దొరికితే దసరాకి, లేకపోతే సంక్రాంతికి.