కుడివైపు గదిలో వీణ, చివరి గదిలో నూలు: విజయనగరంలో చూసిన ఒక ప్రదర్శన

విజయనగరంలో కోటకు నడిచి వెళ్ళగలిగినంత దూరంలో, ఒక పాత మేడ కింది అంతస్తులో పది రోజులపాటు ఏర్పాటు చేసిన ఈ ప్రదర్శనను చూడదలచినవారు గుమ్మం దాటగానే ఎడమకు కాక కుడికి తిరగాలని ముందుగానే చెబుతున్నాను. నేల మీద అంటించిన బాణపు గుర్తులు ఎడమకే దారి చూపిస్తాయి. ఆ దారిన వెళితే మొదట నిర్వాహకుల ఆశయ ప్రకటన, తరువాత దాతల పేర్లు, ఆ తరువాత అద్దాల పెట్టెల్లో బుడితి ఇత్తడి చెంబులు వరసగా ఎదురై, అసలైన గదులకు చేరేసరికి చూసేవారి ఓపిక సగం తరిగిపోతుంది. ఉత్తరాంధ్ర చేతిపనులను, జాతరలను, గిరిజన చిత్రకళను నేటి చిత్రకారుల, శిల్పుల పనితో పక్కపక్కన నిలబెట్టి చూపించాలన్నది నిర్వాహకుల ఉద్దేశం. ఆ ఉద్దేశం కొన్ని గదుల్లో చక్కగా నెరవేరింది, కొన్నిచోట్ల గోడ మీది రాతలకే పరిమితమైంది. ప్రవేశ రుసుము 30 రూపాయలు, విద్యార్థులకు ఉచితం.

కుడివైపు గదిలో దీపాలు తక్కువ. నడుమ ఒక ఎత్తు పీట మీద పూర్తికాని వీణ ఉంది. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో తయారయ్యే వీణల్లో మేలైనవాటిని ఏకండి వీణలంటారు. నాదం పలికే గుండ్రని కుండ, మెట్లుండే పొడవాటి దండి, మెడ అన్నీ ఒకే పనస దుంగలోంచి రావాలి, ఎక్కడా అతుకు ఉండకూడదు. ఇక్కడ పెట్టిన దుంగకు కుండ సగం తొలిచి ఉంది, దండి ఆకారానికి వచ్చింది, సింహాన్ని పోలిన యాళి ముఖం ఉండవలసిన చోట ఇంకా మొద్దే ఉంది. దాని చుట్టూ, తొలిచేటప్పుడు రాలిన పసుపుపచ్చని పేళ్ళను మోకాలెత్తు కుప్పగా పోశారు. తీగలు లేవు, 24 మెట్లు లేవు, మెట్లను నిలబెట్టే మైనం లేదు. గది నాలుగు మూలలా స్పీకర్లు అమర్చి, ఆ దుంగను తొలిచేటప్పుడు రికార్డు చేసిన ఉలి చప్పుడును మాత్రం వినిపిస్తున్నారు.

మొదటి రెండు నిమిషాలు నాకు విసుగనిపించిందని ఒప్పుకోవాలి. తరువాత చప్పుడులో తేడా తెలియడం మొదలైంది. మొదట్లో ఉలి దెబ్బ మొద్దుగా, బస్తా మీద కర్రతో కొట్టినట్టు ఉంటుంది. లోపలి చెక్క పలచబడేకొద్దీ దెబ్బ వెనకాల చిన్న మోగు పుడుతుంది, అది క్రమంగా పొడుగవుతుంది. నడుమ నడుమ ఉలి ఆగిపోతుంది. వేలి కణుపులతో రెండు మూడు చోట్ల తట్టిన శబ్దం వస్తుంది, కొద్దిసేపు నిశ్శబ్దం, మళ్ళీ ఉలి. తట్టిన ప్రతిసారీ ఆ మనిషి ఏదో విని, దానిని బట్టి తరువాతి దెబ్బ ఎక్కడ వేయాలో నిర్ణయించుకుంటున్నాడని చూసేవారికి ఎవరూ చెప్పనక్కరలేకుండానే అర్థమవుతుంది. కచేరీలో మనం వినేది ఆ వాద్యం జీవితంలో రెండో సగమేనని ఆ గదిలో నిలబడినప్పుడు తోచింది. దీనిని రూపొందించిన యువ శిల్పి తన తరఫున దాదాపు ఏమీ చేర్చలేదు. చివర్లో ఒక రాగం వినిపించాలన్న ఆశ తప్పకుండా కలిగి ఉంటుంది, దానిని అణచుకున్నందుకు ఆయనను మెచ్చుకోవాలి. కింద ఉన్న పలకపై శిల్పి పేరూ వీణ చేసిన పనివాడి పేరూ ఒకే కొలత అక్షరాలతో ఉన్నాయి. ప్రదర్శన మొత్తంలో ఇలా కనిపించిన పలక ఇదొక్కటే.

పక్క గది సవర గిరిజనుల చిత్రాలది. సీతంపేట ప్రాంతం 2022లో జిల్లాల విభజనతో శ్రీకాకుళం నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళింది కానీ, ఆ కొండల బొమ్మలు మా ప్రాంతపు వారికి ఇప్పటికీ ఇంటి బొమ్మలే. ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండి నీళ్ళతో, కొస చితక్కొట్టిన పుల్లతో గీయడం అసలు పద్ధతి. నలుచదరపు గడి గీస్తే అది ఇల్లు; అందులో మనుషులు, గుర్రాలు, చెట్లు, సూర్యుడు, ఈ మధ్య కాలంలో సైకిళ్ళు, బస్సులు కూడా చేరతాయి. జబ్బు చేసినప్పుడో, పంట ఇంటికి వచ్చినప్పుడో, చనిపోయిన పెద్దలను తలచుకోవలసినప్పుడో ఆ బొమ్మ గోడ మీదికి వస్తుంది. దాన్ని అలంకారం అనడం కంటే విన్నపం అనడం సబబు.

ఇక్కడ ఎనిమిది బొమ్మలు గుడ్డ మీద ఆక్రిలిక్ రంగులతో ఉన్నాయి. గీత బాగుంది, చేయి తిరిగినవారు గీసినవని తెలుస్తూనే ఉంది. నా అభ్యంతరం రంగు డబ్బా మీద కాదు. కాలంతోపాటు గోడలు మారతాయి, పిండి స్థానంలో రంగు వస్తుంది, అందులో తప్పేమీ లేదు. అభ్యంతరమల్లా వివరణ పలక మీద. అందులో ఈ బొమ్మలను ‘సవరల ప్రాచీన లిపి’ అన్నారు. ఇది పొరపాటు. సవర భాషకు సొంత లిపి ఉంది, దాన్ని 1936లో మంగేయి గొమాంగో రూపొందించారు; ఆ లిపి వేరు, ఈ బొమ్మలు వేరు. సవరల మాటను శ్రద్ధగా విని, వ్యాకరణమూ నిఘంటువూ సిద్ధం చేసి జీవితంలో పెద్ద భాగాన్ని దానికే ధారపోసిన గిడుగు రామమూర్తి పంతులుగారు పుట్టిన నేల మీద, సవరల గురించి రాసే నాలుగు వాక్యాలను ఒక్కసారి ఎవరికైనా చూపించి సరిచూసుకోవడం కష్టమైన పని కాదు. ఆ గదిలోనే ఒక నగర చిత్రకారుడు సవర గడి బొమ్మను తీసుకుని, లోపల అపార్ట్‌మెంటు గదులు, లిఫ్టులు, వాచ్‌మన్ కుర్చీ గీసిన పెద్ద చిత్రం ఉంది. చూడగానే నవ్వు వస్తుంది, రెండో చూపుకు అందులో ఏమీ మిగలదు. సవర గడిలో చనిపోయినవారికీ చోటుంటుంది. ఈ అపార్ట్‌మెంటులో అద్దెకున్నవారికి మాత్రమే చోటు దొరికింది.

నడుమ హాలులో సిరిమాను ఉంది. అది మాను కాదు, బొగ్గుతో గీసిన ఒకే ఒక పొడవాటి కాగితం. విజయదశమి తరువాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి జాతరను ఒక్కసారైనా చూసినవారికి ఆ కాగితం ముందు నుంచి కదలడం కష్టమవుతుంది. చింతమాను కొసన కూర్చున్న పూజారిని చిత్రకారిణి వేలి గోరంత గీశారు. మిగిలిన పొడవంతా జనమే. సిరిమానుతోపాటు ఊరేగింపులో సాగే తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల, పాలధార అన్నీ ఉన్నాయి గానీ వెతికితేనే కనిపిస్తాయి. ఎందుకంటే జాతరలో నిజంగా కనిపించేది ముందున్నవాడి వీపు, భుజం మీది పసిపిల్ల, గాల్లోకి లేచిన అరటిపండు, మేడల మీద వేలాడే కాళ్ళు. దేవతను కాక దేవత కోసం మెడలు సాచిన మనుషులను గీయాలన్న నిర్ణయం ఈ చిత్రానికి ప్రాణం పోసింది. ఒక్కటే ఇబ్బంది. గోడ పొడవు చాలక కాగితాన్ని మూల దగ్గర మడిచి పక్క గోడకు తిప్పారు. దాంతో సిరిమాను సరిగ్గా నడుమకు విరిగినట్టు కనిపిస్తుంది. నా పక్కన నిలబడిన ఒక పెద్దాయన రెండు చేతులూ జోడించి, ‘అమ్మా, ఇదేటి అపశకునం’ అన్నారు. ఆయన హాస్యానికి అనలేదు.

చివరి గది పొందూరు ఖద్దరుది. దీని గురించే ఎక్కువ చెప్పవలసి ఉంది. నేను ఆమదాలవలసలో రైలెక్కి వచ్చాను, ఆ దారిలోనే పొందూరు స్టేషను వస్తుంది. అంటే ఈ గదిలో ‘అంతరించిపోతున్న వారసత్వం’ అన్న శీర్షిక కింద పెట్టిన పని, నేను కిటికీలోంచి చూస్తూ దాటివచ్చిన ఊళ్ళో ఆ ఉదయం కూడా జరుగుతూ ఉంది. శీర్షిక సంగతి అలా ఉంచితే, గదికి ఎడమ మూలన చాప పరిచి, పొందూరు నుంచి వచ్చిన ఒక పెద్ద వయసు ఆవిడను కూర్చోబెట్టారు. ఈ ఆలోచన మాత్రం మంచిది. కొండపత్తిని విత్తు తీసి, వాలుగ చేప దవడతో ఏకుతూ ఆవిడ చూపిస్తున్నారు. దవడ అరచేతిలో ఇమిడేంత ఉంటుంది. దాని పళ్ళు సూదుల్లా సన్నగా, దగ్గర దగ్గరగా, లోపలికి వంగి ఉంటాయి. పత్తిని వాటి మీదుగా మెల్లగా లాగితే నలుసూ నుసీ పళ్ళలో చిక్కుకుంటాయి, పోగులు ఒకే దిక్కుకు సర్దుకుంటాయి. ఇనుప దువ్వెన ఈ పని చేయలేదా అని అడిగాను. ఇనుము పోగును తెంపుతుందని, ఇది దువ్వుతుందని ఆవిడ జవాబు. ఏకిన పత్తిని ఏకులుగా చుట్టి ఎండిన అరటి దవ్వ పొరలో పెట్టుకుంటారు. చేతి చెమట తగలకుండా, నలగకుండా అందులోంచే కొద్దికొద్దిగా రాట్నానికి అందిస్తారు.

నూలు సన్నదనాన్ని నంబరుతో చెబుతారు. ఒక పౌను పత్తి నుంచి 840 గజాల చిలపలు, అంటే నూలు చుట్టలు, ఎన్ని వస్తే అది అంత నంబరు నూలు. పొందూరులో 100 నంబరు నూలు వడకడం వింత కాదు. అంటే అరకిలో కంటే తక్కువ పత్తిలోంచి 84,000 గజాల దారం వస్తుంది. కిలోమీటర్లలో చెబితే 77కు దగ్గర; నేను రైలెక్కిన చోటు నుంచి దిగిన చోటు దాకా పట్టాల వెంట పరిచినా ఇంకా కొంత చేతిలో మిగులుతుంది. ఇలాంటి లెక్క ఒక్కటి గోడ మీద రాసి ఉంటే పిల్లలు కళ్ళు పెద్దవి చేసుకుని చదివేవారు. దానికి బదులుగా ‘పత్తి యొక్క జ్ఞాపకాలు దేహంతో జరిపే సంభాషణ’ అని రాశారు. ముందు ఇంగ్లీషులో రాసుకుని తరువాత తెలుగులోకి దించారని వేరే సాక్ష్యం అక్కరలేదు.

ఆ చాపకు ఎదురుగా, గది కప్పు నుంచి నేల దాకా, వేల కొద్దీ తెల్లని పోగులు వర్షంలా వేలాడుతున్నాయి. ఇది ప్రదర్శన మొత్తానికి ముఖ్యమైన కృతి అని కరపత్రంలో ఉంది. ఫ్యాను గాలికి పోగులు కదులుతుంటే, వాటి మీద పడే వెలుతురు అలలు అలలుగా సాగుతుంది. అందంగా ఉందనడానికి సందేహం లేదు. అందరూ దాని ముందే ఫొటోలు దిగుతున్నారు. పలక మీద ‘పొందూరు చేనూలు’ అని ఉంది, ‘ముట్టుకోరాదు’ అని కూడా ఉంది. ఖద్దరును ముట్టుకోకుండా చూడమనడం, పనసపండును వాసన చూడకుండా కొనమన్నట్టే ఉంటుంది. అయినా నేను ముట్టుకోలేదు. ముట్టుకున్నది ఆ ఆవిడ. మంచినీళ్ళ కోసం లేచి, తిరిగి వస్తూ, దారికి అడ్డంగా ఊగుతున్న ఒక పోగు కొసను అలవాటుగా బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పట్టుకుని వెనక్కి మెలితిప్పారు. కొస విచ్చుకుని రెండుగా చీలింది. ఆవిడ దాన్ని నాకు చూపిస్తూ, ‘ఇది రెండు పేటల నూలు బాబూ, మర మీద వడికింది. మనం వడికింది ఒంటి పేట గదా’ అని, పోగును వదిలేసి, వెళ్ళి తన చాప మీద కూర్చున్నారు. కోపంగా అనలేదు. బియ్యంలో రాయి కనబడితే తీసి పక్కన పెట్టినంత మామూలుగా అన్నారు.

ఆ తరువాత ఆ కృతిని మునుపటిలా చూడలేకపోయాను. మర నూలు వాడటం నేరమేమీ కాదు. చేనూలు ఖరీదైనది, గది నిండా వేలాడదీయాలంటే ఎంతమంది ఎన్ని నెలలు వడకాలో ఇంతకు ముందు లెక్కే చెబుతుంది. మర నూలని రాసి, అదే గదిలో వడికే మనిషికి ఎదురుగా నిలబెట్టి ఉంటే ఈ కృతికి ఇప్పుడు లేని పదును వచ్చి ఉండేది. మరకూ చేతికీ మధ్య తేడాను ఇద్దరూ ఎదురెదురుగా చెప్పుకునేవారు. ఇప్పుడు మాత్రం ఒకరి ఊరి పేరును మరొకరి దారానికి కట్టినట్టయింది. అక్కడ ఉన్న కుర్రవాడిని అడిగితే, ‘మాకు ఇచ్చిన సమాచారం అదే సార్, పై వాళ్ళకు చెబుతాను’ అన్నాడు. మర్యాదస్తుడు, ఫోనులో రాసుకున్నాడు కూడా.

లేనివాటిలో ఒకటి నన్ను బాగా బాధించింది. పాతకూ కొత్తకూ నడుమ వంతెన కడుతున్నామని కరపత్రంలో చెప్పుకున్న ఈ ప్రదర్శనలో అంట్యాకుల పైడిరాజు పేరు ఎక్కడా లేదు. మద్రాసులో దేవీప్రసాద్ రాయ్ చౌదరి దగ్గర చదువుకుని వచ్చి, ఇదే విజయనగరంలో ఉండి, మన పల్లె స్త్రీల కొప్పునూ బొట్టునూ నడకనూ ఆధునిక చిత్రంలోకి తెచ్చిన మనిషి ఆయన. 1986లో కాలం చేసేదాకా ఎందరికో బొమ్మలు నేర్పారు. ఆయన చిత్రం ఒక్క నకలైనా గోడ మీద ఉండి ఉంటే, వంతెన ఎప్పుడో కట్టి ఉందని, మనం దాని మీద నడవడం మానేశామని చూసేవారికి తెలిసేది.

మిగతా సంగతులు క్లుప్తంగా చెబుతాను. సాయంత్రం ఆరు గంటలకు పెరటిలో ఉత్తరాంధ్ర జానపద నృత్యమైన తప్పెటగుళ్ళు ఉంటాయి, అవి తప్పక చూడవలసినవి, ముందు వరసలో చోటు కావాలంటే అరగంట ముందే వెళ్ళాలి. కూర్చోవడానికి లోపల రెండు బల్లలే ఉన్నాయి. పెద్దవారిని తీసుకువెళ్ళేవారు గుర్తుంచుకోవాలి. 250 రూపాయల కేటలాగులో ముద్రణ బాగుంది, వీణ గది ఫొటోలు ఉన్నాయి, చాప మీది ఆవిడ ఫొటో ఉంది గాని కింద పేరు లేదు. ఆదివారం మధ్యాహ్నం వీణ గదిలోకి వెళ్ళడం దండగ, హాలులోని గోలకు ఉలి చప్పుడు వినబడదు. పనిరోజు ఉదయం వెళ్ళడమే మేలు.

నేను చివరి రోజుకు ముందు రోజు మళ్ళీ వెళ్ళాను. పలక మీద ‘పొందూరు’ అన్న మాటపై తెల్లకాగితం ముక్క ఒకటి అంటించి ఉంది. ‘చేనూలు’ అన్న మాట అలాగే ఉంది. ఆవిడ ఆ రోజు రాలేదు. చాప చుట్టి మూలన నిలబెట్టారు.