లిలీపాండ్‌తో ఏడేళ్ళు: మూడో చరణం జారిపోయిన రాత్రి

పాటకు నాలుగు చరణాలుంటే, నాలుగింటినీ స్వరాల కింద అక్షరం అక్షరం కూర్చోబెట్టడం ఎంత చాకిరీయో చేత్తో రాసినవాళ్ళకే తెలుస్తుంది. పై వరుసలో స్వరాలు కాస్త దగ్గరగా పడ్డాయంటే కింద మాటలు ఇరుక్కుపోతాయి. దూరంగా పడితే పేజీ సరిపోదు. మా చర్చిలో కీబోర్డు వాయిస్తాను, క్వయర్‌కి కాగితాలు తయారుచేసేది కూడా నేనే. 2018 దాకా స్కేలు, పెన్సిలు, రబ్బరుతోనే నడిచింది. ఆ తర్వాత లిలీపాండ్, పాటల స్వరాలను అచ్చుకు కూర్చే ప్రోగ్రామ్. మౌస్‌తో స్వరాలు అతికించడం ఉండదు, ఫైల్లో టైపు చేస్తే పీడీఎఫ్ వస్తుంది. ఎక్కడ దొరుకుతుంది, ఎలా ఎక్కించుకోవాలి అన్నవి ఇక్కడ రాయను. నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా మాటల గురించే, ఎందుకంటే దీన్ని ఇన్నాళ్ళు పట్టుకుని వేలాడింది వాటి కోసమే.

ఇందులో స్వరాలు ఒకచోట, మాటలు ఒకచోట ఉంటాయి. సొప్రానో (అన్నిటికన్నా పై గొంతు) స్వరాలు ఒక జత ఫ్లవర్ బ్రాకెట్లలో, మొదటి చరణం ఇంకో జతలో, రెండోది మరో జతలో. అక్షరానికీ అక్షరానికీ మధ్య రెండు హైఫన్లు, వాటికి అటూ ఇటూ ఖాళీ. 'స్తోత్రము' అని పాడాలంటే 'స్తో -- త్ర -- ము' అని రాస్తాం. ఏ అక్షరం ఏ స్వరం కింద పడాలో మనం చెప్పం. అదే లెక్కపెట్టుకుంటూ పోతుంది: స్వరానికి ఒక అక్షరం. రెండు స్వరాల మీద స్లర్ అనే వంపు గీత ఉంటే ఆ రెండింటికీ కలిపి ఒకే అక్షరం. రేపు ఆల్టో వాళ్ళకు శ్రుతి అందడం లేదని పాటంతా ఒక మెట్టు దించినా, ఒక స్వరం పొడవు తగ్గించినా, మాటల జోలికి వెళ్ళక్కర్లేదు. అవి స్వరాల వెంట వాటంతటవే నడిచి వస్తాయి.

తెలుగుకు ఈ పద్ధతి భలే నప్పింది. ఇంగ్లీషు పాట రాసేవాళ్ళు ఏ పదాన్ని ఎక్కడ విరవాలో తెలియక డిక్షనరీ తిరగేస్తారు. మనకు ఆ బాధ లేదు, రాసే అక్షరమే చాలామటుకు పాడే అక్షరం. పొల్లు వస్తే ముందు అక్షరానికి అంటించేస్తే సరి: 'ఆ -- మేన్'. పాస్టరు అయ్యగారి భార్య, మేమంతా అమ్మగారు అంటాం, పాట మాటల్ని ఫోన్లో టైపు చేసి వాట్సాప్‌లో పంపేవారు. నేను మధ్యలో హైఫన్లు దిద్దుకునేవాణ్ణి. తర్వాత ఆవిడే హైఫన్లతో సహా పంపడం మొదలుపెట్టారు. సంగీతం కోసం ప్రోగ్రామింగ్ లాంటిది ఏదో రాస్తున్నానని ఆవిడకు తెలియదు. "ఇలా ముక్కలు చేస్తే నీకు పని తగ్గుతుంది కదా బాబూ" అనేవారు. నిజంగానే తగ్గింది.

తెలుగు లిపి విషయంలో మొదట్లో కొంత టెన్షన్ పడ్డాను. ఫాంటు పేరు చెప్పకపోతే కంప్యూటర్లో ఏ తెలుగు ఫాంటు చేతికందితే దాన్ని పట్టుకుంటుంది. నోటో సెరిఫ్ తెలుగు అని ఒక లైన్ రాశాక ఒత్తులు, గుణింతాలు కుదురుగా వచ్చాయి. ఒక్కటే తలనొప్పి, చరణాలు ఒకదాని కింద ఒకటి పేర్చినప్పుడు పై చరణంలోని ఒత్తు కింది చరణంలోని గుడికి తగిలేంత దగ్గరగా వచ్చేది. వరుసల మధ్య దూరం పెంచే లైన్ ఒకటి వెతికి పట్టుకుని, ఇప్పుడు ప్రతి ఫైల్లోనూ కళ్ళు మూసుకుని అతికిస్తున్నాను. మన అక్షరాలు వెడల్పు కాబట్టి స్వరాలు కూడా దూరం జరుగుతాయి. ఇంగ్లీషులో ఒక పేజీలో ఒదిగే పాట తెలుగులో పేజీన్నర అవుతుంది. ఇంకో సంగతి, పాత డీటీపీ ఫైళ్ళ నుంచి మాటలు కాపీ చేద్దామనుకుంటే కుదరదు. అవి 'అను' అనే పాతకాలం ఫాంట్లలో ఉంటాయి, అతికించగానే ఇంగ్లీషు అక్షరాల చెత్త దిగుతుంది. మళ్ళీ టైపు చేసుకోవాల్సిందే.

ఇన్ని చెప్పాను కదా, "మాటలు చెక్కుచెదరవు" అని మూడేళ్ళ కిందట ఎవరడిగినా చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఆ మాట అంత గట్టిగా అనను.

క్రిస్మస్‌కు వారం ముందు సంగతి. పాటకు నాలుగు చరణాలు, నాలుగు గొంతులు (సొప్రానో, ఆల్టో, టెనర్, బాస్), క్వయర్‌లో ముప్పై అయిదు మంది. మొదటి చరణంలో ఒకచోట 'రాజు' అని వస్తుంది. మూడు స్వరాలు, రెండు అక్షరాలు: 'రా'కి రెండు స్వరాల మీద స్లర్, 'జు'కి ఒకటి. సరిగ్గా అదే చోట మూడో చరణంలో 'గొల్లలు' అని ఉంది. మూడు స్వరాలకు మూడక్షరాలు, పాడేటప్పుడు స్లర్ అక్కర్లేదు. ఈ తేడా నాకు తట్టలేదు. స్లర్ ఉంది కాబట్టి లిలీపాండ్ తన లెక్క ప్రకారం 'గొ'ని రెండు స్వరాలకు సాగదీసి, మూడోదానికి 'ల్ల' ఇచ్చి, 'లు'ని తర్వాతి మాట మీదికి తోసింది. అక్కణ్ణుంచి చరణం చివరిదాకా ప్రతి అక్షరమూ ఒక స్వరం వెనక్కి జరిగింది. చేత్తో రాసిన కాగితమైతే ఆ ఒక్కచోట ఇరుకుగా ఉండేది, అంతే. ఇక్కడ తోక మొత్తం జారింది.

చివర్లో ఏమైందంటే, అక్షరాలకన్నా స్వరాలు ఒకటి తక్కువ పడ్డాయి. ఆఖరి మాట 'జన్మించెను'. మిగిలిపోయిన 'ను'ని అది చడీచప్పుడు లేకుండా వదిలేసింది. ఎర్ర అక్షరాల్లో ఒక్క హెచ్చరిక లేదు. నేను ఆఖరున ఒకసారి చూసుకున్నాను కూడా. 'జన్మించె' అని కనబడింది. పద్యంలోనూ పాటలోనూ 'జన్మించె' అంటే తప్పేముంది! చూపు దాని మీద ఆగలేదు. 'రక్షకుడు' అనో మరొకటో అయ్యుంటే 'డు' లేని లోటు అక్కడికక్కడే తెలిసేది.

ముప్పై అయిదు కాపీలు జిరాక్స్ తీయించి రిహార్సల్‌కి తీసుకెళ్ళాను. రెండు చరణాలు చక్కగా నడిచాయి. మూడోది మొదలై 'గొల్లలు' దగ్గరికి రాగానే క్వయర్ రెండుగా చీలింది. బాస్ వరుసలో పెద్దవాళ్ళకు పాట నోటికి వచ్చు, వాళ్ళు కాగితం చూడరు. చిన్నవాళ్ళు మాత్రం కాగితంలో ఉన్నది ఉన్నట్టు పాడారు. ఒకళ్ళు ఒక అక్షరం ముందు, ఒకళ్ళు ఒక అక్షరం వెనక. ఏదో కావాలనే అలా కూర్చారేమోనన్నంత పద్ధతిగా సాగింది. వెనక బెంచీలో కూర్చున్న అయ్యగారు ఏమీ అనలేదు, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. చివరి స్వరం మీద సగంమంది 'ను' అన్నారు, సగంమంది 'చె' అన్నారు. టెనర్ వరుసలోంచి ఎవరో "అన్నా, పుట్టాడా లేదా?" అన్నాడు.

దీనికి మందు ఉంది. ఆ పదానికి ముందు స్లర్‌ని పట్టించుకోవద్దని ఒక సెట్టింగు ఆన్ చేయాలి, పదం అయ్యాక ఆఫ్ చేయాలి. దాని పేరు ఇగ్నోర్ మెలిస్మాటా. 'ఈ ఒక్కసారికి' అనే మాట దాంతో పనిచేయదు, ఆన్ చేసినవాడే ఆఫ్ చేయాలి. ఆ రాత్రి కంగారులో నేను ఆన్ చేసి ఆఫ్ చేయడం మరిచిపోయాను. ఈసారి కథ తిరగబడింది. ఆ తర్వాత స్లర్ ఉన్న చోట కూడా స్వరానికో అక్షరం పంచుకుంటూ పోయి, మాటలు ముందే అయిపోయి, ఆఖరి స్వరం కింద ఖాళీ మిగిలింది. అదీ జిరాక్స్ అయ్యాకే చూశాను. షాపతను రెండోసారి డబ్బులు తీసుకోవడానికి మొహమాటపడ్డాడు. మూడోసారి తీసుకున్నాడు.

నా కోపం తప్పు జరిగినందుకు కాదు, అది నా తప్పే. స్వరాల విషయంలో ఇదే లిలీపాండ్ ఎంత చాదస్తంగా ఉంటుందో చూడండి. ప్రతి బార్ (తాళం లెక్కలో ఒక ముక్క) చివర నిలువు గీత పెట్టుకుంటే, లెక్క పావు వంతు తేడా వచ్చినా ఫలానా లైన్లో బార్ చెక్ తప్పిందని అరుస్తుంది. మాటలకు అలాంటి కాపలా ఏమీ లేదు. చరణంలో అక్షరాలు మిగిలాయో, స్వరాలు మిగిలాయో ఒక్క లైన్ చెప్పుంటే నా రెండు విడతల జిరాక్సులు మిగిలేవి. ఇప్పుడు నేనే ఒక అలవాటు చేసుకున్నాను: ప్రతి చరణంలోనూ ఆఖరి మాటను మాత్రం వేలు పెట్టి చదువుతాను. అది సరిగ్గా పడితే పైన చాలామటుకు సరిగ్గా పడ్డట్టే. చాలామటుకు అంటున్నాను, ఎందుకంటే ఒక తప్పు ముందుకు తోసి, ఇంకో తప్పు వెనక్కి లాగితే చివర సరిపోతుంది. అదీ ఒకసారి జరిగింది.

మిగతావి గబగబా చెప్పేస్తాను. జి మేజర్ (అందులో ఎఫ్ ఎప్పుడూ షార్పే) అని పైన రాసినా, ఎఫ్ షార్ప్ కావాలంటే ప్రతిసారీ 'ఫిస్' అనే రాయాలి. వట్టి ఎఫ్ రాస్తే షార్ప్ కాదని చెప్పే నాచురల్ గుర్తు పెట్టి మరీ అచ్చేస్తుంది. దీన్ని 1996లో మొదలుపెట్టిన హాన్-వెన్ నీన్‌హాయ్స్, యాన్ న్యూవెన్‌హాయ్జెన్ ఇద్దరూ డచ్ వాళ్ళు, అందుకే స్వరాలకు డచ్ పేర్లు: షార్ప్‌కి 'ఇస్', ఫ్లాట్‌కి 'ఎస్'. మొదటి నెల తిట్టుకున్నాను, ఇప్పుడు కీబోర్డు దగ్గర కూడా మనసులో 'ఫిస్' అనే అనుకుంటున్నాను. శ్రుతి మార్చడం ఒక్క లైన్ పని. కంప్యూటర్ వాయించి వినిపించే మిడి ఫైలు కూడా ఇస్తుంది కాబట్టి ఆల్టో వాళ్ళకు వాళ్ళ భాగం మాత్రం వినబడేలా తీసి, ఎంపీత్రీ చేసి గ్రూపులో పెడతాను. రాసుకోవడానికి ఫ్రెస్కోబాల్డీ అనే ఎడిటర్ వాడండి. పీడీఎఫ్‌లో స్వరం మీద నొక్కితే టైపు చేసిన చోటికి తీసుకెళ్తుంది. అది లేకుండా నేను ఒక్క పాట కూడా పూర్తి చేసేవాణ్ణి కాదు.

అచ్చు అందం గురించి అందరూ చెప్పేదే. పాత రోజుల్లో లోహపు పలకల మీద చెక్కి అచ్చేసిన పుస్తకాల పోలిక కనిపిస్తుంది, స్వరాలు నల్లగా, నిండుగా ఉంటాయి. మా పెద్దవాళ్ళకు చత్వారం, వాళ్ళు మెచ్చుకున్నది ఆ నలుపునే.

పాత ఫైళ్ళు చెడకపోవడం ఇంకో నిశ్చింత. 2024 ఆగస్టులో, స్వరాలు రాసే ఇంకో సాఫ్ట్‌వేర్ ఫినాలెని ఇక ఆపేస్తున్నామని దాన్ని తయారుచేసేవాళ్ళు ప్రకటించినప్పుడు, ఏళ్ళ తరబడి దాంట్లో రాసుకున్నవాళ్ళు ఎంత బెంగపడి ఉంటారో అనిపించింది. నావి వట్టి టెక్స్ట్ ఫైళ్ళు. 2018లో లిలీపాండ్ 2.18 వెర్షన్‌లో రాసిన పాటను 2.24కి మార్చడానికి కన్వర్ట్ లై అనే తోడు ప్రోగ్రామ్ ఉంది. నూటికి తొంభై చోట్ల అదే మార్చేసింది, మిగిలినవి ఒక సాయంత్రం కూర్చుని దిద్దుకున్నాను.

ఎవరికి పనికొస్తుందంటే, చెప్పడం కష్టం. కర్ణాటక సంగీతం స్వరాలు రాసుకోవాలనుకునేవాళ్ళకు ఇది కాదు, అయిదు గీతల స్టాఫ్ నొటేషన్ కోసం పుట్టింది. నెలకో పాట, అదీ ఒక్క గొంతుకే రాసేవాళ్ళయితే మౌస్‌తో స్వరాలు పెట్టుకునే మ్యూజ్‌స్కోర్ చాలు, మా క్వయర్ కుర్రాళ్ళు దాన్ని ఒక్క పూటలో నేర్చుకున్నారు. నాకు ఆఫీసులో రోజంతా ఎక్సెల్ ఫార్ములాలతో పని, బ్రాకెట్లంటే భయం లేదు. పాటకు నాలుగైదు చరణాలుంటాయి, ఏటా అవే పాటలు వేరే శ్రుతిలో కావాలి. నా అవసరం ఇలా ఉంది కాబట్టి నాకు కుదిరింది.

ఇబ్బందల్లా ఒక్కటే, నేను లేకపోతే ఆ ఫైళ్ళ మీద చేయి వేసేవాళ్ళు లేరు. పోయిన ఈస్టర్‌కి ఆఫీసు పని మీద ఊళ్ళో లేను. బాస్ వరుసలో ఒక్క స్వరం మార్చాల్సి వచ్చిందట. ఫైలు ఎక్కడుందో ఫోన్లో చెప్పాను, తెరిచి చూసి "ఇదేంటి అన్నా, పాట ఎక్కడుంది ఇందులో?" అన్నారు. ఆఖరికి కాగితం మీద వైట్‌నర్ పూసి, బాల్ పెన్నుతో స్వరం దిద్ది, దాన్నే జిరాక్స్ తీయించుకున్నారు. తిరిగి వచ్చాక చూశాను, బాగానే కుదిరింది. ఫైల్లో మాత్రం ఇంకా మార్చలేదు.