ఉప్పుగాలిలో ఎయిర్ రైఫిల్: కొన్నేళ్లు వాడాక నా అనుభవం

ముందే చెప్పేస్తాను. మనలాగా సముద్రానికి దగ్గర్లో ఉండేవాళ్లు మొదటిసారి కొత్త రైఫిల్ కొంటే, బారెల్ లోపల తోమడం మీద పెట్టే శ్రద్ధలో సగం తీసి బయటి ఇనుము మీద పెట్టండి. కొన్ని వానాకాలాలు దాటించాక నాకు గట్టిగా తెలిసింది ఇదే. నెట్‌లో కనిపించే సలహాలు ఎక్కువగా పొడి గాలి ఉండే చోట్ల నుంచి వచ్చినవి. అక్కడివాళ్లకు బారెల్ లోపలి మురికి గురించి బెంగ, మనకు తుప్పు గురించి.

మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట వైపు. మైపాడు సముద్రం దగ్గరే, చుట్టూ రొయ్యల గుంటలు. కిటికీ చువ్వలకు ఈ ఏడు పెయింట్ వేస్తే వచ్చే ఏటికి మళ్లీ ఎర్రటి పొక్కులు లేస్తాయి. అలాంటి ఊళ్లో ఒక ఉక్కు వస్తువును కొత్తదానిలా నిలబెట్టడం గురించే ఈ సమీక్ష.

నా దగ్గరున్నది మన దేశంలోనే తయారైన .177 (బారెల్ రంధ్రం కొలత, అంగుళాల్లో) స్ప్రింగ్ రైఫిల్. బారెల్‌ను కీలు దగ్గర కిందికి విరిచి స్ప్రింగు ఎక్కుపెట్టే రకం, భుజానికి ఆనించే స్టాకు చెక్కది. 2016 ఆయుధ నియమాల ప్రకారం బోరు .177 దాటకుండా, శక్తి 20 జౌల్స్ లోపు ఉంటే ఇలాంటి ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదు. అయినా బిల్లు జాగ్రత్తగా దాచుకోండి, బయటికి తీసుకెళ్తే కవర్లోనే పెట్టుకోండి. చూసినవాళ్లు చాలామంది మొదట అడిగేది "పిట్టల్ని కొట్టొచ్చా?" అని. కొట్టకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. అదలా ఉంచినా, నేలపట్టు గూడబాతుల్ని చూడటానికి ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చే ప్రాంతం మనది. రైఫిల్ కాగితం టార్గెట్ కోసం, అంతే. 10 మీటర్ల టార్గెట్‌లో పదో పాయింటు అర మిల్లీమీటరు చుక్క. దాన్ని తాకించడానికే ఒక జీవితకాలం పట్టేలా ఉంది.

కొత్త రైఫిల్ పెట్టె తెరవగానే చేతికి అంటేది జిడ్డు. గోడౌన్లో తుప్పు పట్టకుండా ఫ్యాక్టరీలో పూసిన నూనె అది. బయటిది తుడిచేయాలి, బారెల్ లోపలిది గుడ్డముక్కలతో లాగేయాలి. నేను గాలానికి కట్టే నైలాన్ తీగను మడిచి, మడత ఉచ్చులో చిన్న కాటన్ ముక్క ఇరికించి, పెల్లెట్ (చిన్న సీసపు గుండు) పెట్టే వైపు నుంచి మూతి వైపుకు లాగుతాను. మొదటి ముక్క నల్లగా వస్తుంది, తర్వాతది బూడిద రంగులో, ఆ తర్వాత దాదాపు తెల్లగా. అక్కడితో ఆపేస్తాను. ఇనుప కడ్డీ మూతి వైపు నుంచి దూర్చడం మాత్రం వద్దు. బారెల్ చివరి అంచు మీదే పెల్లెట్ చివరిసారి బారెల్‌ను వదిలేది. అక్కడ సన్న గీత పడినా గాలి ఒక పక్కకు ఎక్కువగా తన్నుతుంది, పెల్లెట్ దారి తప్పుతుంది.

కొత్తలో కాల్చినప్పుడు పెద్ద చప్పుడు, మూతి దగ్గర సన్నటి పొగ, కాలిన నూనె వాసన వస్తే కంగారు పడొద్దు. స్ప్రింగు పిస్టన్‌ను ముందుకు తోసినప్పుడు గాలి ఒక్కసారిగా నలిగి వేడెక్కుతుంది. అక్కడ నూనె ఉంటే అంటుకుంటుంది. రొయ్యల గుంట దగ్గరి డీజిల్ ఇంజను స్పార్క్ ప్లగ్ లేకుండా నడిచేది కూడా ఈ సూత్రం మీదే. ఫ్యాక్టరీ జిడ్డు కాలిపోయేదాకా ఇలా ఉండి, కొన్ని వందల పెల్లెట్లు కాల్చాక చప్పుడు తగ్గి గ్రూపింగ్, అంటే పెల్లెట్లు దగ్గర దగ్గరగా పడటం, కుదురుకుంటుంది. పాతబడ్డాక కూడా పొగ వస్తుంటే మాత్రం మనమే ఎక్కడో నూనె ఎక్కువ పోశామని అర్థం. పిస్టన్ ముందుండే సీల్‌కు, స్ప్రింగుకు అది చేటు. అందుకే బారెల్ వెనక, పిస్టన్ వైపు నుంచి గాలి వచ్చే రంధ్రంలో ఏ నూనె చుక్కా వేయను.

ఆ తర్వాత బారెల్ లోపలికి నేను వెళ్లేది చాలా తక్కువ. ఎయిర్ రైఫిల్లో మందుగుండు లేదు, కాబట్టి మసి లేదు. ఉండేదల్లా సీసం పల్చటి పూత. అది బారెల్ లోపలి మెలి గాడుల్లో సమంగా పరుచుకున్నాకే గురి నిలకడగా ఉంటుంది. వారం వారం తోమితే ఆ పూత పోయి, ప్రతిసారీ మొదటి కొన్ని పెల్లెట్లు చెదిరిపోతాయి. గ్రూపింగ్ పాడైందని టార్గెట్ చెప్పినప్పుడే గుడ్డముక్క లాగుతాను. ఇత్తడి బ్రష్ జోలికి వెళ్లను. బారెల్ తుడవడానికి ఫెల్ట్ పెల్లెట్లు (ఒత్తిన ఉన్ని ముక్కలు) అమ్ముతారు, మంచివే, కానీ స్ప్రింగ్ రైఫిల్లో ఒక్క ఫెల్ట్ పెట్టి కాల్చడం ఖాళీగా పేల్చినట్లే. దానికి బరువు లేదు, పిస్టన్‌కు ఎదురుగా గాలి దిండు ఏర్పడదు, పిస్టన్ వెళ్లి గోడకు గుద్దుకుంటుంది. చేత్తో తోసి బయటికి పంపడమే మేలు.

ఇక బయటి ఇనుము సంగతి. నల్లగా నిగనిగలాడే ఆ బ్లూయింగ్ చూసి పెయింటు అనుకుంటారు చాలామంది. కాదు. అది ఉక్కు మీద కావాలని తెప్పించిన పల్చటి ఆక్సైడు పొర. నూనె పట్టుకుని ఉండటానికి పనికొస్తుంది కానీ, దానంతట అది తుప్పును ఆపలేదు. గాలిలో తేమ 60 శాతం దాటిందంటే ఉక్కు తుప్పు పట్టే వేగం బాగా పెరుగుతుంది. ఉప్పు తోడైతే ఇంకా తక్కువ తేమ చాలు, ఎందుకంటే ఉప్పు తానే గాలిలోంచి నీళ్లు లాక్కుంటుంది. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల్లో. ఆ మూడు నెలలు గోడలే చెమ్మగా ఉంటాయి. దానికి తోడు మన చేతి చెమటలోనూ ఉప్పే. బారెల్ పట్టుకుని ఎక్కుపెట్టే చోట తుడవకుండా వదిలేస్తే వేలిముద్ర ఆకారంలోనే తుప్పు దిగుతుంది. మా మేనమామ కొడుకు రైఫిల్ మీద చూశాను: బారెల్ మూతికి జానెడు ఇవతల బొటనవేలి గీతలతో సహా గోధుమ రంగు మచ్చ. నూనె, మెత్తటి గుడ్డ పెట్టి ఎంత రుద్దినా రంగు తేలికైందే తప్ప గీతలు పోలేదు.

అందుకే కాల్చిన ప్రతిసారీ, ఐదు పెల్లెట్లే కాల్చినా సరే, పాత పంచె ముక్కతో మొత్తం తుడుస్తాను. ముందు పొడి గుడ్డ, ఆ తర్వాత నూనె తడిమిన గుడ్డ. నూనె కంటికి కనిపించకూడదు, వేలు పెడితే కాస్త జారాలి. బారెల్ విరిచే కీలు సందు, ట్రిగ్గర్ గార్డు లోపలి వైపు, గురి చూసే స్కోప్‌ను బిగించే మౌంట్ కింద, చెక్కకూ ఉక్కుకూ మధ్య గీత: గుడ్డ వెళ్లని చోట్లన్నిటికీ ఇయర్ బడ్ వాడతాను. స్కోప్ మౌంట్‌ను వానలకు ముందు ఒకసారి, వానలయ్యాక ఒకసారి విప్పి చూస్తాను. చెమ్మ దాక్కునేది అక్కడే.

ఏ నూనె అంటారా? నేను స్థిరపడింది బాలిస్టాల్ అనే తుపాకి నూనె దగ్గర. చెక్కకూ తోలుకూ కూడా హాని చేయదు, వాసన మాత్రం అందరికీ నచ్చదు. అది దొరకనప్పుడు కుట్టు మిషన్ నూనె బయటి ఇనుముకు బాగానే పనిచేసింది, కాకపోతే వానల్లో తొందరగా మళ్లీ రాయాలి. డబ్ల్యూడీ-40 నీటిని తరిమేయడానికి చేసిన సరుకు, పేరులోని మొదటి రెండు అక్షరాల అర్థం అదే. వానలో తడిస్తే వెంటనే కొట్టి తుడవడానికి సరైనది. నెలల తరబడి కాపాడే పని దానిది కాదు, తర్వాత మంచి నూనె రాయాల్సిందే. మా పక్కింటి పెద్దాయన "అబ్బయ్యా, కొబ్బరి నూనె పట్టించు, అద్దంలా ఉంటది" అన్నారు. ఆయన మీద గౌరవం ఉంది కానీ కొబ్బరి నూనె మాత్రం వద్దండీ. చలికాలం రాత్రుళ్లు పేరుకుంటుంది, పాతబడితే చెడు వాసన వేసి పులుపెక్కుతుంది.

దాచడం గురించి నాకు కాస్త పట్టుదల ఎక్కువ. రైఫిల్‌తో వచ్చిన స్పాంజి పెట్టె ప్రయాణానికే. స్పాంజి తేమను పీల్చుకుని ఉక్కుకు అదిమి పెడుతుంది. మా మేనమామ కొడుకు రైఫిల్ పాడైంది అలాగే, వానాకాలమంతా పెట్టెలోనే ఉండిపోయి. నాది తాళం ఉన్న ఇనుప బీరువాలో నిలువుగా ఉంటుంది, కింద సిలికా జెల్ డబ్బా. నారింజ రంగు గుళికలు ఆకుపచ్చగా మారితే తేమ నిండిందని గుర్తు. ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు వేడి చేస్తే మళ్లీ నారింజకు వస్తాయి. నవంబరులో అవి రంగు మారే వేగం చూస్తే మన గాలి ఎలాంటిదో అర్థమవుతుంది. పెల్లెట్లు వేరే చోట తాళంలో. ఇంట్లో పిల్లలున్నా లేకున్నా ఈ పద్ధతి మార్చొద్దు.

ఏసీ గదిలో పెట్టుకునేవాళ్లకు ఒక మాట. చల్లటి రైఫిల్‌ను నేరుగా వరండాలోకి తెస్తే బారెల్ అంతా నీటి బిందువులు పట్టేస్తాయి, కళ్లద్దాలకు పట్టినట్టే. మూసిన కవర్లోనే బయటికి తెచ్చి, బయటి వేడికి అలవాటు పడ్డాక తెరవాలి. స్పాంజి పెట్టె నిజంగా పనికొచ్చేది ఇక్కడే.

చెక్క స్టాకుకు ఏడాదికోసారి అవిసె నూనె రెండు చుక్కలు అరచేత్తో రుద్దితే చాలు. నూనె గుడ్డను ఉండ చుట్టి మూలన పడేయకండి. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, గుడ్డ దానంతట అదే అంటుకోగలదు. విప్పి ఆరుబయట ఆరేసి, ఆ తర్వాతే పారేయండి.

స్ప్రింగ్ రైఫిల్ అదురు రెండు వైపులా ఉంటుంది, స్క్రూలు వదులవుతాయి. గురి ఉన్నట్టుండి తప్పితే బారెల్‌ను అనుమానించే ముందు స్టాకు స్క్రూలు చూడండి. నీలిరంగు థ్రెడ్‌లాకర్ ఒక్క చుక్క వేశాక నాకు ఆ గొడవ తగ్గింది. దెబ్బలో పస తగ్గిందనిపిస్తే చూడాల్సింది బ్రీచ్ సీల్, బారెల్ మూసుకునే చోట ఉండే రబ్బరు రింగు. సన్నటి టిష్యూ పేలిక చింపి ఆ అతుకు మీద పరిచి, పెల్లెట్ పెట్టి కాల్చండి. పేలిక ఎగిరితే గాలి అక్కడ కారుతున్నట్టే. నాది మొదట్లో కదలలేదు, ఈ మధ్య కొద్దిగా ఎగురుతోంది.

స్ప్రింగు మాత్రం ఇంట్లో విప్పను. లోపల అది నొక్కుకుని ఉంటుంది, స్ప్రింగును అదిమిపట్టే కంప్రెసర్ పనిముట్టు లేకుండా పిన్ను తీస్తే ముఖానికి తగులుతుంది. ఇంకొకటి, బారెల్ విరిచి పెల్లెట్ పెడుతున్నంతసేపు రెండో చేత్తో బారెల్‌ను గట్టిగా పట్టుకోవాలి. ఆ స్థితిలో ట్రిగ్గర్ పడితే బారెల్ ఎగిరి మూసుకుంటుంది, వేళ్లు పోతాయి. తుడిచేటప్పుడు కూడా ముందు ఖాళీగా ఉందో లేదో చూసి, స్ప్రింగు ఎక్కుపెట్టి లేదని రూఢి చేసుకున్నాకే గుడ్డ పట్టుకోండి.

పెల్లెట్ల డబ్బా మూత బిగించి ఉంచండి. చెమ్మ తగిలితే సీసం మీద తెల్లటి పొడి వస్తుంది. అది విషం. తుడుచుకుని వాడటం లాంటివి చేయకుండా ఆ పెల్లెట్లు పక్కన పడేయండి. కాల్చాక, తుడిచాక చేతులు సబ్బుతో కడుక్కున్నాకే ఏదైనా తినండి. పెల్లెట్లు నోట్లో పెట్టుకునే అలవాటు కొందరిలో చూశాను. దయచేసి మానేయండి.

ఇప్పుడు నా రైఫిల్ పరిస్థితి: బ్లూయింగ్ చేయి పట్టే చోట కాస్త పలచబడింది, మచ్చ ఒక్కటీ లేదు. ట్రిగ్గర్ కొత్తలోకన్నా మెత్తగా ఉంది. చెక్క రంగు ముదిరింది, నాకు అదే నచ్చింది. స్ప్రింగు మొదటిదే. ఈ బరువు, ఈ ఎక్కుపెట్టే శ్రమ చిన్నపిల్లలకు సరిపోవు, పెద్దవాళ్లు నేర్చుకోవడానికి మాత్రం మొదటి రైఫిల్‌గా దీన్నే చెబుతాను. రైఫిల్ కొనే రోజే సిలికా జెల్, మంచి నూనె, రెండు అదనపు బ్రీచ్ సీళ్లు కూడా తెచ్చుకోండి, తర్వాత విడిగా వెతకడం కష్టం. నా దగ్గర ఒకటి మిగిలి ఉంది. అక్టోబరు వానలు మొదలయ్యేలోపు దాన్ని వేస్తాను.