రెండేళ్ళ వాడకం తర్వాత: పియానో కార్డ్స్ యాప్‌లో ఆ వేళ్ళ నంబర్లు

మిగతా ఫీచర్ల జోలికి వెళ్ళను, అన్ని పియానో యాప్స్‌లో ఉండేవే. నేను రాసేది కార్డ్ (chord, అంటే ఒకేసారి కలిపి మోగించే స్వరాలు) చూపించినప్పుడు కీస్ మీద వచ్చే వేళ్ళ నంబర్ల గురించే, బొటనవేలు 1 నుంచి చిటికెనవేలు 5 దాకా. మొదటి నెలలో 5 స్టార్లు ఇచ్చింది కూడా వాటికే, నలభై దాటాక టీచర్ లేకుండా మొదలెట్టినవాడికి ఏ వేలు ఎక్కడ పెట్టాలో చూపిస్తుంటే ఎంత ధైర్యమో.

సి, ఎఫ్, జి కార్డ్స్ దాకా 1-3-5 పెట్టుకుంటూ హాయిగా పోయింది. బి ఫ్లాట్ దగ్గర ఇరుక్కున్నా. అక్కడా అదే 1-3-5 చూపిస్తుంది. బొటనవేలు నల్ల కీ మీద పెట్టాలంటే చెయ్యి మొత్తం లోపలికి తోయాలి, అప్పుడు మధ్యవేలు, చిటికెనవేలు నల్ల కీస్ పక్కన సందులో పడి పక్క కీ కూడా మోగుతుంది. నా ప్రాక్టీసే చాలట్లేదనుకుని రోజూ రాత్రి పిల్లలు పడుకున్నాక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అదొక్కటే అరగంట కొట్టేవాణ్ణి, మూడు వారాలకి మణికట్టు నొప్పి పట్టుకుని స్నానానికి మగ్గు ఎత్తడం కూడా కష్టమైంది, పది రోజులు కీబోర్డ్ ముట్టుకోలేదు.

మళ్ళీ కూర్చున్న రోజు అదే యాప్‌లో ఇన్వర్షన్ బటన్ నొక్కి చూశా. డి, ఎఫ్, బి ఫ్లాట్. బొటనవేలు డి మీద, చూపుడువేలు ఎఫ్ మీద పెడితే ఉంగరపువేలు దానంతటదే వెళ్ళి నల్ల కీ మీద వాలింది. అవే మూడు స్వరాలు, వరస మారిందంతే! ఎఫ్ కార్డ్‌ని సి-ఎఫ్-ఎ గా, సి ని మామూలు సి-ఇ-జి గా పట్టుకుంటే మూడు కార్డ్సూ చెయ్యి ఉన్నచోటే వచ్చేస్తున్నాయి, ఎఫ్ నుంచి సి కి వెళ్ళేటప్పుడైతే బొటనవేలు లేపక్కర్లేదు. ఆ రాత్రి వాటిని ఎన్నిసార్లు తిప్పి తిప్పి వాయించానో.

కాకపోతే ఇన్వర్షన్‌లో కూడా యాప్ 1-3-5 అనే చూపిస్తోంది, 1-2-4 నేను వెతుక్కున్నదే. ఎడమ చేత్తో జి-సి-ఇ కి 5-2-1 కూడా అలాగే దొరికింది. అందుకే అప్పటి 5 ఇప్పుడు 3 చేశా.

నావి చిన్న చేతులు, ఆక్టేవ్ (ఒక సి నుంచి పై సి దాకా) అందడమే కష్టం, పైగా పాటలకి కార్డ్స్ పట్టుకోవడం వరకే నా వాడకం, పెద్ద చేతులున్నవాళ్ళకి ఇది అసలు సమస్యే కాకపోవచ్చు. స్వరాలు చూసుకోవడానికి ఇప్పటికీ ఇదే తెరుస్తా, వేళ్ళ నంబర్లు మాత్రం ఆఫ్ చేసేశా.